భూమి జోలికి పోయిన వకీలు

పీవీ నర్సింహారావు అంటె ఏం యాదికొస్తదని ఈ నడుమ మా ధర్మపురి పొల్లగాండ్లను నలుగురైదుగుర్ని అడిగి సూసిన. ప్రధానమంత్రి అన్నరు. బొచ్చెడు భాషలొచ్చు అన్నరు. దేశం దివాలా తీయకుంట కాపాడిండు అన్నరు. ఒక పిలగాడైతె ఎయిర్‌పోర్టు తొవ్వల ఉన్న పొడుగు ఫ్లైఓవర్ పేరు అన్నడు. అన్నీ నిజమే. గని ఒక్కరు సుత భూమి ముచ్చట ఎత్తలే.

నాకైతె పీవీ అంటె ముందుగల భూమే యాదికొస్తది. ఢిల్లీల ఐదేండ్లు దేశాన్ని ఏలిన మనిషే, హైదరాబాద్‌ల ముఖ్యమంత్రిగ నిండ ఏడాదిన్నర సుత ఉండలే. 1971 సెప్టెంబర్ 30న కుర్చీ ఎక్కిండు, 1973 జనవరిల దిగిండు. ఆ పదిహేను నెలలల్ల ఆయన చేసిన ఒక్క పని మన ఊర్ల లెక్కలను కదిలించింది, ఆయన కుర్చీని సుత కదిలించింది. గా కథ మన జిల్లాల పిల్లలకు తెల్వకపోతె ఎట్ల?

మొదటికెల్లి చెప్త.

పుట్టింది 1921 జూన్ 28న, వరంగల్ జిల్లా నర్సంపేట దిక్కు లక్నెపల్లి. చిన్నప్పుడే వంగర ఊర్ల పాములపర్తి వాళ్లింటికి దత్తత పోయిండు. వంగర అప్పుడు మన కరీంనగర్ జిల్లాలనే ఉండె, ఇప్పుడు జిల్లాలు ముక్కలైనంక హన్మకొండల పడ్డది. దత్తత పోయిన ఇల్లు మామూలు ఇల్లు కాదు. వెయ్యెకరాల పైన భూమి. అంటె ఆయన పెరిగింది భూమి ఉన్నోళ్ల దిక్కు, మన తాతల లెక్క జీతముండే దిక్కు కాదు. ఇది మర్సిపోవద్దు, ఎందుకంటె తర్వాత కథంత దీని మీదనే తిరుగుతది. పదేండ్లకే పెండ్లి చేసిన్రు. ఆ కాలం అట్లుండె.

హన్మకొండల చదివిండు. 1938ల ఉస్మానియా కింది కాలేజీలల్ల వందేమాతరం పాడిన పోరగాండ్లను నిజాం సర్కారు ఎల్లగొట్టింది. అండ్ల ఈయన సుత ఒకడు. అట్ల ఎల్లగొట్టిన పిల్లలను నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకున్నది. ఆయనకు మరాఠీ ముందే కొంత తెలుసు, అక్కడ ఇంక గట్టిపడ్డది. పుణె ఫెర్గూసన్ కాలేజీల బీఎస్సీ, మల్ల నాగపూర్ వచ్చి లా. నిజాం తరిమితె దేశం తిరిగి చదువుకొని వచ్చిండు అనుకోరాదు.

లా అయినంక హైదరాబాద్‌ల బూర్గుల రామకృష్ణారావు కాడ జూనియర్‌గ చేరిండు. బూర్గుల అప్పటికే పేరున్న వకీలు, 1952ల హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిండు. మన దిక్కు ముసలోళ్లు ఇప్పటికీ 38-ఇ సర్టిఫికెట్ అని ఒక కాయితం పెట్టెల దాసుకుంటరు సూడుండ్రి, రక్షిత కౌలుదారుకు భూమి మీద హక్కిచ్చే కాయితం. దాని ఎనుక ఉన్నది 1950 కౌలుదారీ చట్టం, 1954ల బూర్గుల సర్కారు దానికి తెచ్చిన సవరణ. గంత పెద్ద వకీలు చేతి కింద పని నేర్సుకున్నోడు పీవీ. కోర్టుల ఎక్కువ కాలం నిలవలే, రాజకీయం గుంజుకపోయింది. గని వకీలు బుద్ధి మాత్రం పోలే. చట్టం ఎట్ల రాస్తరు, రాసిన చట్టానికి దొర ఎక్కడ బొక్క పెడ్తడు, ఈ రెండూ ఎరిగిన మనిషి.

నేను పదో తరగతి కాడనే బడి ఆపిన. నాకున్న చట్టం జ్ఞానమంత సంఘం పని మీద కోర్టు వరండాలల్ల నిలవడి, బెయిల్ కాయితాలు సదివి సదివి నేర్సుకున్నదే. అందుకే వకీలు పని చేసినోని కంటె, ఆ పనిని ఊరికోసం వాడినోడంటె నాకు కొంచెం పావురం ఎక్కువ. ముందే చెప్తున్న.

1947-48ల రజాకార్ల కాలంల ఆయన స్టేట్ కాంగ్రెస్ దిక్కుకెల్లి చాందా క్యాంపుల ఉన్నడు. చాందా అంటె ఇప్పటి చంద్రపూర్, ఆసిఫాబాద్ దాటితె వస్తది. పోలీసు చర్య అయినంక వరంగల్‌ల పాములపర్తి సదాశివరావుతోని కలిసి కాకతీయ పత్రిక నడిపిండు. జయ-విజయ అని ఇద్దరూ మారుపేర్లు పెట్టుకున్నరు. గా పత్రికల 1949ల విజయ పేరు మీద పీవీ ఒక కథ రాసిండు, గొల్ల రామవ్వ. ఒక ముసలవ్వ, ఆమె మనుమరాలు, రాత్రి పూట గుడిసెల జొరబడ్డ ఒక దళం పోరడు, ఎనుకవడ్డ నిజాం పోలీసులు. ముసల్ది ఆ పోరన్ని ఎట్ల దాసిపెడ్తది అనేదే కథ. రామవ్వ మాట్లాడేది మన భాషనే, అచ్చం ఊరి భాష. కాంగ్రెసాయన, అండ్ల భూమున్న కుటుంబం, కమ్యూనిస్టు దళం పోరన్ని కాపాడిన గొల్ల ముసలవ్వను మనసుపెట్టి రాసిండంటె నాకు ఇప్పటికీ వింతనే. జిరాక్స్ కాయితాల మీద సదివిన నేను, ఒక్క రాత్రిల. దొరికితె మీరు సుత సదువుండ్రి తమ్మీ, ప్రధానమంత్రి రాసిండని కాదు, రామవ్వ కోసం.

ఇక్కడ చరిత్ర ఒక చమత్కారం చేసింది. 1952 మొదటి ఎన్నికలల్ల ఈ కథ రాసినాయన కరీంనగర్ లోక్‌సభకు కాంగ్రెస్ దిక్కుకెల్లి నిలవడ్డడు. ఎదురుగ బద్దం ఎల్లారెడ్డి, మన జిల్లా కమ్యూనిస్టు పెద్దమనిషి. రామవ్వలంత ఎల్లారెడ్డికే ఓటేసిన్రు, పీవీ ఓడిపోయిండు.

1957ల మంథనికెల్లి గెలిసిండు. అక్కడికెల్లి వరుసగ నాలుగు సార్లు, 1977 దాకా మంథని ఎమ్మెల్యే. మన గోదారి ధర్మపురి దాటి కిందికి పోతె వచ్చే మంథనే. బ్రాహ్మణ అగ్రహారం పక్కన అడివి, సుట్టు దొరల ఊర్లు. 1962ల మంత్రి అయిండు. న్యాయశాఖ, సమాచారం, దేవాదాయం, ఆరోగ్యం, విద్య, ఒక్కొక్కటి తిరిగిండు. దేవాదాయ శాఖ ఆయన కింద ఉన్నప్పుడే 1966 దేవాదాయ చట్టం వచ్చింది. మన నర్సింహసామి గుడి అసొంటి గుళ్ల లెక్కాపత్రం ఒక్క చట్టం కిందికొచ్చింది అప్పుడే. దేవుని పేరు పెట్టుకున్నోడు దేవుని హుండీకి లెక్క పెట్టిచ్చిండని మా దిక్కు నవ్వుకుంటరు. విద్యామంత్రిగ ఉన్నప్పుడు 1968ల తెలుగు అకాడమి పెట్టిన్రు, కాలేజీ చదువు తెలుగుల చదువుకునేటందుకు. మా అసొంటోళ్లకు పాఠం దొరికిందంటె ఆ పుస్తకాల పుణ్యమే. సర్వేల్‌ల 1971ల మొదలైన గురుకుల పాఠశాల సుత ఆయన ముఖ్యమంత్రి కాలం ముచ్చటనే. ఇప్పుడు మీరు చదువుకుంటున్న గురుకులాలకు అది మొదటి మెట్టు.

అన్నీ మంచియే రాస్తె అది భజన అయితది. 1969ల తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు, పోరగాండ్లు తుపాకి గుండ్లకు పడిపోతున్నప్పుడు, పీవీ బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలనే కూసున్నడు. కొండా లక్ష్మణ్ బాపూజీ రాజీనామా పారేసి బయటికొచ్చిండు, ఈయన రాలే. 1971 లోక్‌సభ ఎన్నికలల్ల తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లల్ల 10 గెలిసింది. తెలంగాణాయనను ముఖ్యమంత్రి చెయ్యక తప్పని పరిస్థితి ఇందిరమ్మకు వచ్చింది. తన ఎనుక గుంపు లేనోడు, కులబలం లేనోడు, ఎదురు చెప్పనోడు కావాలె. అట్ల పీవీకి దక్కింది కుర్చీ. ఎల్లకాలం మంత్రులను నడిపిన పెద్ద భూస్వాములు ఆయనను కీలుబొమ్మ అనుకున్నరు.

ఆ బొమ్మ భూమి జోలికి పోయింది.

ఇక్కడ కొంచెం ఆగి సదువుండ్రి, లెక్కలున్నయి. భూపరిమితి చట్టం 1961లనే ఉండె. గని అది చట్టం లెక్క కనవడే నాటకం. భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల కెల్లి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 324 ఎకరాలు ఉంచుకొమ్మన్నంక ఇగ మిగులు భూమి ఎక్కడికెల్లి వస్తది? మిగిలినది సుత కొడుకుల పేరు, కోడండ్ల పేరు, జీతగాని పేరు, ఆఖరికి చచ్చినోని పేరు మీద రాసుకున్నరు. పట్వారి వాళ్లోడే, పహాణీ వాళ్ల అటక మీదనే.

పీవీ సర్కారు 1972 సెప్టెంబర్‌ల అసెంబ్లీల పాస్ చేసిన చట్టంల లెక్క మారింది. ఐదుగురున్న కుటుంబానికి తరి భూమి అయితె 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి అయితె 35 నుంచి 54 ఎకరాలు. అంతే. దాని మీద ఉన్నదంత మిగులు, సర్కారుకు అప్పజెప్పాలె, భూమి లేనోళ్లకు పంచాలె. చట్టం నంబరు 1973ల మొదటిది, ఇప్పటికీ దాన్ని 1973 చట్టమనే పిలుస్తరు.

గని నాకు ఎక్కువ నచ్చింది ఆ ఎకరాల లెక్క కాదు. చట్టం వస్తుందని తెల్వంగనే దొర ఏం చేస్తడు? అమ్మినట్టు రాస్తడు, దానం రాస్తడు, భాగం పంపకం రాస్తడు. వకీలుకు ఇది తెలుసు. అందుకే అసలు చట్టం కన్నా ముందుగల, 1972 మే నెలలనే, భూములు అమ్మకుంట చేతులు మార్చకుంట బందు పెట్టే చట్టం తెచ్చిండు. గంతటితోని ఆగలే. పెద్ద చట్టంల ఎనుకటి తారీకు ఒకటి పెట్టిన్రు, 1971 జనవరి 24. ఆ తారీకు తర్వాత ఎవడు భూమి అమ్మినా, దానం చేసినా, చట్టం ఎగ్గొట్టేటందుకు చెయ్యలేదని రుజువు చేసుకునే బరువు ఆ అమ్మినోని మీదనే పడ్డది. మామూలుగ కోర్టుల బరువు ఎవని మీద పడ్తదో మనకెరికే. పేదోడే రుజువు చెయ్యాలె, పేదోడే సాక్షులను తేవాలె, పేదోడే బస్సు కిరాయి పెట్టుకొని వాయిదాలకు తిరగాలె. ఒక్కసారి ఆ బరువు దొర మీదికి మర్లింది. నేను సదివిన చట్టాలల్ల గిట్లాంటి వాక్యాలు ఏళ్ల మీద లెక్కపెట్టచ్చు.

తన భూమి సంగతి? వంగరల ఉన్న భూమిల ఎక్కువ భాగం ఆయన సుత వదులుకున్నడు. ఊరికే చెప్పి తన పొలం దాసుకున్న రకం కాదు. అప్పటి కాంగ్రెస్‌ల ఎంతమంది గిట్ల చేసిన్రో మీరే ఎతికి సూసుకోండ్రి.

1972 అసెంబ్లీ ఎన్నికలల్ల సుత పాత భూస్వామి కుటుంబాలను పక్కకు పెట్టి కొత్త ముఖాలకు, బీసీలకు టికెట్లు ఇచ్చిండు. ఇగ సూడు, పార్టీల పెద్దలు పండ్లు కొరుకుడు మొదలువెట్టిన్రు.

సాకు ఎతుకుతున్నోళ్లకు సాకు దొరికింది. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయని తీర్పు చెప్పింది. అంటె పాత హైదరాబాద్ రాష్ట్రంల నౌకరీ కావాలంటె 15 ఏండ్లు ఇక్కడ ఉండి ఉండాలె. వకీలాయన కాబట్టి పీవీ ఆ తీర్పే ఆఖరిదన్నట్టు మాట్లాడిండు. ఇగ అటు దిక్కు అగ్గి అంటుకుంది. జై ఆంధ్ర ఉద్యమం. అండ్ల నౌకరీ కోసం నిజంగ రంది పడ్డ పోరగాండ్లు ఉన్నరు, గుండ్లకు పడిపోయినోళ్లు ఉన్నరు, వాళ్లను నేను తక్కువ చెయ్య. గని వాళ్ల ఎనుక నిలవడి పైసలు పెట్టిన పెద్ద రైతుల దిక్కు సూడుండ్రి. వాళ్ల రంది ముల్కీ కాదు, సీలింగ్. ఆంధ్ర మంత్రులు రాజీనామాలు చేసిన్రు, ఉప ముఖ్యమంత్రి బీవీ సుబ్బారెడ్డి సుత. తెలంగాణ భూస్వాములు సుత లోపట లోపట సంబురపడ్డరు. ప్రాంతాలు రెండుగ చీలినయి గని, భూమున్నోళ్లది మాత్రం ఒక్కటే పార్టీ.

1973 జనవరిల పీవీ దిగిపోయిండు, రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే నెల మొదటి తారీకున ఆయన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం అందింది. చట్టం పుట్టింది, తండ్రి పదవి పోయింది.

తల్లిదండ్రులు లేని పిల్లకు ఏమైతదో దానికి అదే అయింది. 1975 జనవరి 1 దాకా అమలులకు రాలే. 1977ల సవరణ తెచ్చి పెద్దకొడుకులకు, అంటె వయసొచ్చిన కొడుకులకు, అదనంగ భూమి ఉంచుకునే తొవ్వ తీసిన్రు. మిగులు అని అప్పజెప్పిన దాంట్ల గుట్టలు, రాళ్లు, చౌడు ఎంతనో. మంచి తరి మాత్రం దొరకాడనే ఉండె. 1978 సెప్టెంబర్‌ల మన జగిత్యాలల జైత్రయాత్ర ఎందుకయింది మరి? వెట్టి బందు కావాలె, కూలి పెరగాలె, దొరలు ఆక్రమించిన బంజర్లు ఇడిసిపెట్టాలె అని వేలమంది కూలోళ్లు, రైతులు పట్నం నడిసిన్రు. చట్టం చెయ్యలేని పని సంఘం చేద్దామనుకున్నది. నెల తిరిగే సరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలైనయి. పోలీసు క్యాంపులు దిగినయి. అప్పుడు పీవీ హన్మకొండ ఎంపీ, దేశ రాజకీయంల ఉన్నడు. ఆ క్యాంపుల దిక్కు తిరిగి సూసిన జాడ నాకు కనవడలే.

ఇక్కడికెల్లి నేను గబగబ పోత, ఎందుకంటె ఇవన్ని మీ పోటీపరీక్షల పుస్తకాలల్ల ఉన్నయే. కుర్చీ పోయినంక ఆయన ఒక పాఠం నేర్సుకున్నడని నాకనిపిస్తది: నోరు మూసుకుంటె పదవి ఉంటది, భూమి ముట్టుకుంటె పోతది. 1980ల విదేశాంగ మంత్రి. 1984ల హోంమంత్రి. అక్టోబర్ 31న ఇందిరాగాంధీని సంపినంక ఢిల్లీల సిక్కులను ఏరి ఏరి సంపిన్రు. సర్కారు లెక్కలనే ఢిల్లీల 2,733 మంది. ఢిల్లీ పోలీసులు హోంశాఖ కింద ఉంటరు, హోంమంత్రి మన వంగర వకీలు. దొర మీద బరువు పెట్టిన చెయ్యి ఆ మూడు రోజులు లేవలే. ఆ ఏడాది డిసెంబర్‌ల హన్మకొండ జనం ఓడగొట్టిన్రు, చందుపట్ల జంగారెడ్డి గెలిసిండు. పీవీ మహారాష్ట్రల రాంటెక్ సీటుతోని గట్టెక్కిండు.

1991ల పోటీ సుత చెయ్యకుంట పుస్తకాలు సదురుకుంటున్న మనిషి, రాజీవ్‌గాంధీ హత్య అయినంక జూన్ 21న ప్రధాని అయిండు. రూపాయి విలువ తగ్గించుడు, లైసెన్సులు ఎత్తేసుడు, బయటి కంపెనీలకు తలుపులు తెరుసుడు, ఇయ్యాల మీ చేతిల ఉన్న ఫోను దాకా ఆ తొవ్వనే. ఆ తలుపులనే సిరిసిల్ల సాంచాల మీద సుత గాలి కొట్టింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలుతుంటె ప్రధాని కుర్చీల ఉన్నది ఆయనే. చట్టంల అన్ని దారులు ఎరిగిన వకీలుకు ఒక్క దారి సుత దొరకలేదంటె నేను నమ్మ. గదే డిసెంబర్‌ల పార్లమెంటుల 73వ సవరణ పాసైంది. మీ ఊర్ల ఆడబిడ్డ సర్పంచ్ అయిందంటె ఆ సవరణ వల్లనే. ఒక్క నెలల రెండు పీవీలు. రెండూ రాసుకోవాలె.

దిగిపోయినంక వకీలు ముద్దాయి అయిండు. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల కొనుగోలు కేసుల 2000ల కింది కోర్టు శిక్ష వేసింది, 2002ల హైకోర్టు కొట్టేసింది. ఆ కేసులకు తిరుగుడు నడుమ, 1998ల, ఇన్‌సైడర్ అని ఇంగ్లీషుల పెద్ద నవల అచ్చయింది. ఆనంద్ అనే హీరో పేరు పెట్టి తన బతుకే రాసుకున్నడు. అండ్ల ప్రధాని పదవి దాకా కథ పోదు. రాష్ట్ర రాజకీయం, భూసంస్కరణ, ముఖ్యమంత్రుల కుర్చీలాట, అవే. దేశాన్నేలినాయన తన కథ చెప్పుకుందామని కూసుంటె కలం పోయింది భూమి కాడికే.

2004 డిసెంబర్ 23న ఢిల్లీల పోయిండు. ముప్పై ఏండ్లకు పైన సేవ చేసిన పార్టీ ఆఫీసు గేటు లోపటికి ఆయన పీనిగె పోలే, గేటు బయటనే కొంచెం సేపు ఆగి బయలెల్లింది. హైదరాబాద్ తెచ్చి హుస్సేన్‌సాగర్ ఒడ్డున దహనం చేసిన్రు. ఇరవై ఏండ్లకు, 2024ల, భారతరత్న ఇచ్చిన్రు.

మా దిక్కు ఇప్పటికీ సీలింగ్ పట్టా కాయితాలు మడతలు పడి చినుగుతున్నయి. ధరణి వచ్చినంక కొన్ని నిషేధిత జాబితాల పడ్డయి, అమ్మెటట్టు లేదు, అప్పు పుట్టెటట్టు లేదు. పోయిన ఎండకాలం ఒక ముసలవ్వ అసొంటి కాయితం నా చేతిల పెట్టింది, సదివి చెప్పు బిడ్డా అని. కింద 1973 చట్టం నంబరు ఉన్నది. రెండెకరాల పది గుంటలు, చెల్క. ఆమెకు పీవీ ఎవరో తెల్వదు. నేను ఆమె తోని అర్జీ రాయిచ్చిన, ఇంకా తిరుగుతున్నం.